బండి ఆపే అంకె ఎవరిది?

మా నాన్న రైల్వేలో క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. గూడ్సు బండి యార్డులోకి మెల్లగా వస్తుంటే పట్టాల పక్కన వంగి నిలబడి చక్రాల చప్పుడు వినడం, బండి ఆగగానే ఒక చేత టార్చి, మరో చేత సుత్తి పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వ్యాగన్ తర్వాత వ్యాగన్ చూసుకుంటూ నడవడం ఆయన ఉద్యోగం. యాక్సిల్ బాక్సు, అంటే ఇరుసు కొన మీద బేరింగు ఉండే పెట్టె, దగ్గరకు రాగానే సుత్తి చంకలో ఇరికించుకుని, చేతి వెనక భాగాన్ని దానికి ఆనించేవారు. అరచేయి ఎందుకు ఆనించరని చిన్నప్పుడు అడిగితే, అరచేతికి కాయలు కాచి ఉంటాయనీ, దానికి వేడి ఆలస్యంగా తెలుస్తుందనీ, వెనక చర్మం పలచన కాబట్టి అది వెంటనే చెబుతుందనీ అన్నారు. పాత నాలుగు చక్రాల వ్యాగన్లలోనైతే చెయ్యి పెట్టే అవసరం కూడా ఉండేది కాదట. బాక్సులో నూనెలో నానబెట్టి కూరిన పీచు కాలిన వాసన పది అడుగుల దూరం నుంచే వచ్చేసేదట. రైల్వే వాళ్ళు దీన్ని హాట్ యాక్సిల్ అంటారు. బేరింగు పాడై, రాపిడి పెరిగి, ఇరుసు కొన ఎర్రగా కాలి, చివరికి విరిగిపోవడం దాని పర్యవసానం. విరిగిన క్షణంలో ఆ వ్యాగన్ ఒక్కటే కాదు, దాని వెనక వచ్చేవన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

హాట్ యాక్సిల్ అన్న ఆ మాట మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా వినపడలేదు. 2023 ఫిబ్రవరిలో, నేను ఉండే పిట్స్‌బర్గ్ శివారుకు కారులో గంట ప్రయాణం దూరాన ఉన్న ఈస్ట్ పాలస్తీన్ అనే ఊరి మీద నల్లటి పొగ లేచినప్పుడు మళ్ళీ వినపడింది. నాన్న ఇండియా నుంచి ఫోన్ చేసి, మేము క్షేమమేనా అని అడిగిన తర్వాత రెండో ప్రశ్నగా, "హాట్ యాక్సిలేనా?" అన్నారు. అప్పటికి విచారణ మొదలై వారమైనా కాలేదు. ఆయన ఊహించింది నిజమే అయింది.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. ఫిబ్రవరి 3 రాత్రి 9 గంటలకు కొద్ది నిమిషాల ముందు, నార్ఫోక్ సదరన్ కంపెనీకి చెందిన 32ఎన్ అనే గూడ్సు రైలు ఒహాయో రాష్ట్రం చివర, పెన్సిల్వేనియా సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఈస్ట్ పాలస్తీన్‌లో పట్టాలు తప్పింది. 149 వ్యాగన్ల బండి అది. పొడవు దాదాపు మైలూ ముప్పావు. 38 వ్యాగన్లు పడిపోయాయి. వాటిలో 11 ప్రమాదకర రసాయనాలు మోస్తున్న ట్యాంకర్లు, అందులో 5 ప్లాస్టిక్ తయారీకి వాడే, తేలిగ్గా మండే వినైల్ క్లోరైడ్ అనే రసాయనం ట్యాంకర్లు. ప్రాణనష్టం లేదు. సుమారు 4,700 మంది ఉండే ఊళ్ళో దాదాపు 2,000 మంది ఇళ్ళు వదిలి వెళ్ళవలసి వచ్చింది. మూడు రోజుల తర్వాత, ట్యాంకర్లు వాటంతటవే పేలిపోతాయన్న భయంతో, ఆ ఐదింటికీ రంధ్రాలు కొట్టి రసాయనాన్ని గుంటల్లోకి వదిలి తగలబెట్టారు. ప్రపంచమంతా చూసిన ఆ నల్లటి పొగ పట్టాలు తప్పిన నాటిది కాదు, ఇలా తగలబెట్టిన నాటిది.

కారణం 23వ వ్యాగన్. ప్లాస్టిక్ గుళికలు మోస్తున్న ఆ వ్యాగన్ ఒక బేరింగు వేడెక్కి, ఇరుసు విరిగింది. ఇక్కడ నేను ఆగి కొంచెం వివరంగా చెప్పవలసినది ఒకటి ఉంది, ఎందుకంటే ఈ వ్యాసమంతా దాని మీదే ఆధారపడి ఉంది. మా నాన్న చేతి పనిని అమెరికాలో పట్టాల పక్కన అమర్చిన పరికరాలు చేస్తాయి. బండి పోతూ ఉండగానే పరారుణ కిరణాలతో ప్రతి బేరింగు వేడిని కొలిచి, బయటి వాతావరణం కంటే అది ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉందో లెక్కగడతాయి. 32ఎన్ రైలు ఆ రాత్రి వరసగా మూడు పరికరాలను దాటింది. సీబ్రింగ్ అనే చోట ఆ బేరింగు బయటి గాలి కంటే 38 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది. పది మైళ్ళ తర్వాత సేలంలో ఆ తేడా 103 అయింది. ఇంకో ఇరవై మైళ్ళు పోయాక, ఈస్ట్ పాలస్తీన్‌లో, 253. సెల్సియస్‌లో చెప్పాలంటే తేడా 21 నుంచి 57కు, అక్కడి నుంచి 140కి పెరిగింది.

కంపెనీ తనకు తాను రాసుకున్న నియమం ప్రకారం తేడా 170 డిగ్రీలు దాటితేనే బండి ఆపి చూడాలి; 200 దాటితే ఆ వ్యాగన్‌ను తప్పించి పక్కన పెట్టాలి. కాబట్టి సేలంలో 103 చూపించినప్పుడు ఇంజిన్‌లో ఉన్న ముగ్గురికీ ఏ హెచ్చరికా వినపడలేదు. సమాచారం దూరాన ఉన్న ఒక డెస్కుకు మాత్రం చేరింది. అక్కడి నుంచి రైలు నడిపేవారికి ఏ మాటా రాలేదు. ఆ రాత్రి బయట 10 ఫారెన్‌హీట్ డిగ్రీల చలి, అంటే సున్నాకు 12 సెల్సియస్ డిగ్రీలు కింద. అందులో 103 కలిపితే పరికరం చూసిన వేడి 45 సెల్సియస్ డిగ్రీలు. మే నెలలో బెజవాడ మధ్యాహ్నం అంతే ఉంటుంది. అయితే సేలంలోనే ఒక కర్మాగారపు కెమెరాలో అదే రైలు పోతున్న దృశ్యం నమోదైంది. అందులో వ్యాగన్ కింద మంట కనపడుతోంది. పరికరం బేరింగు పైపొరను మాత్రమే, అదీ కింద నుంచి, క్షణంలో చూసి కొలుస్తుంది; లోపల కాలుతున్న లోహపు వేడి అందులో చాలా తక్కువగా కనపడుతుందని జాతీయ రవాణా భద్రతా మండలి విచారణలో తేల్చింది. మూడో పరికరం దగ్గర హెచ్చరిక మోగినప్పుడు సిబ్బంది చేయవలసినదంతా చేశారు. అప్పటికే ఆలస్యమైంది.

ఇప్పుడు అసలు సంగతి. 170 అన్న అంకెను ప్రభుత్వం పెట్టలేదు. ఈ పరికరాలు ఎంత దూరానికి ఒకటి ఉండాలో, ఎంత వేడికి బండి ఆపాలో, కొలతలు ఎవరు చూడాలో చెప్పే ఫెడరల్ నిబంధన ఆనాడు ఒక్కటి కూడా లేదు. ఎవరి కంపెనీ అంకె వారిదే. పట్టా వెడల్పు గురించి, బ్రేకుల పరీక్ష గురించి, గేటు దగ్గర హారన్ ఎన్ని సెకన్లు మోగించాలో దాని గురించి కూడా నియమాలున్న దేశంలో, కాలుతున్న బేరింగును ఏ డిగ్రీ దగ్గర ప్రమాదమని పిలవాలో నిర్ణయించే అధికారాన్ని, ఆ ప్రమాదమని పిలిచిన ప్రతిసారీ డబ్బు పోగొట్టుకునే వారికే వదిలేశారు.

దీన్ని నేను కంపెనీల దురాశ కథగా చెప్పదలచుకోలేదు. దురాశ కథ చెప్పడం తేలిక, విన్నవారికి కోపం వచ్చి తృప్తి కలుగుతుంది కూడా. కాని అంకెలు ఎలా పుడతాయో నాకు కొంచెం తెలుసు. నేను పనిచేసేది సాఫ్ట్‌వేర్‌లో. మా సర్వర్లలో ఏదైనా లోపం మొదలైతే రాత్రిపూట ఫోన్ మోగించే ఏర్పాటును చూసుకునే బృందంలో ఉన్నాను. ఎంత ఆలస్యమైతే ఫోన్ మోగాలి, ఎన్ని తప్పులైతే మోగాలి అనే పరిమితులు మేమే పెడతాం. ఒక నెల అర్ధరాత్రి ఫోన్లు ఎక్కువయ్యాయి, చాలావరకు చూస్తే ఏమీ ఉండేది కాదు. అందరం కూర్చుని పరిమితిని పెంచాం. పది నిమిషాల్లో అయిపోయిన ఆ మీటింగులో ఎవరి నిద్ర ఎంత పోయిందన్న లెక్క వచ్చింది గాని, పెంచిన పరిమితికి దిగువన ఏమి దాక్కోవచ్చునన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. మాలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఆపిన ప్రతిసారీ ఎదురుగా ఖర్చు కనపడుతుంది, ఆపనందువల్ల వచ్చే ఖర్చు ఎప్పుడో, ఎక్కడో, ఇంకెవరికో పడుతుంది; అటువంటి తక్కెడలో అంకె పైకే జరుగుతుంది. మా సర్వర్లు పడిపోతే ఎవరో ఒక ఆర్డరు మళ్ళీ పెట్టుకుంటారు. గూడ్సు రైలు సంగతి వేరు.

నాన్న కూడా ఈ తక్కెడలో తూగినవారే. ఒక రాత్రి, ఊరి పేరు చెప్పను, ఒక బొగ్గు రేకులో (ఒకదానికొకటి తగిలించిన వ్యాగన్ల వరసను రైల్వేలో రేకు అంటారు) ఆయన చేతికి ఒక యాక్సిల్ బాక్సు మిగతా వాటి కంటే వేడిగా తగిలింది. సుద్దముక్కతో వ్యాగన్ మీద సిక్ అని రాశారు. సిక్ రాస్తే ఆ వ్యాగన్ కదలకూడదు. దాన్ని రేకు నుంచి కోసి, పక్క లైనులో పెట్టి, మిగతా బండిని మళ్ళీ కలపాలి. గంటన్నర పట్టింది. కంట్రోలు ఆఫీసు నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. రైల్వేలో బండి ఆగిన ప్రతి నిమిషానికీ ఒక పద్దు ఉంటుంది, డిటెన్షన్ అంటారు, అది ఏ విభాగం వల్ల అయితే ఆ విభాగం ఖాతాలో రాస్తారు. ఆ గంటన్నర క్యారేజ్ అండ్ వ్యాగన్ ఖాతాలో పడింది. తర్వాత బేరింగు విప్పి చూస్తే బాగానే ఉందన్నారు. వివరణ ఇమ్మని నాన్నకు మెమో వచ్చింది. శిక్షేమీ పడలేదు, వివరణ రాసిస్తే సరిపోయింది. ఈ సంగతి ఆయన నాకు మొన్నీమధ్య, ఈస్ట్ పాలస్తీన్ నివేదిక గురించి నేను చదివి వినిపిస్తుంటే చెప్పారు. చెప్పి, కొంచెంసేపు ఊరుకుని, "ఆ మెమో వచ్చాక రెండు మూడేళ్ళు నా చేతికి వేడి తెలియడం తగ్గిందమ్మా" అన్నారు.

అమెరికన్ రైల్వేల నియంత్రణ చరిత్ర తెలిసినవారు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు, అది బలమైన అభ్యంతరమే. 1980కి ముందు అక్కడి రైలు కంపెనీలు ప్రభుత్వ నియంత్రణలో ఉక్కిరిబిక్కిరై ఉండేవి. ఏ సరుకుకు ఎంత రేటు, ఏ లైను మూయవచ్చు, ఏది మూయకూడదు అన్నీ వాషింగ్టన్ చెప్పేది. కంపెనీలు ఒకటొకటిగా దివాలా తీశాయి, పట్టాలు పుచ్చిపోయాయి. 1980లో స్టాగర్స్ చట్టం రేట్ల మీద పట్టు సడలించాక కంపెనీలకు డబ్బు వచ్చింది, ఆ డబ్బులో కొంత పట్టాల మీద పెట్టాయి, ప్రమాదాల రేటు బాగా తగ్గింది. ఇంకోమాట కూడా ఒప్పుకోవాలి: ప్రమాదకర రసాయనాలను లారీల్లో జాతీయ రహదారి మీద పంపడం కంటే రైలులో పంపడమే క్షేమం, పైగా చట్టం ప్రకారం రైలు కంపెనీ అటువంటి సరుకు వద్దనడానికి వీల్లేదు. ఇవన్నీ నిజాలు. అయితే స్టాగర్స్ చట్టం వదిలిపెట్టింది రేట్లను, భద్రతను కాదు. పట్టా విరిగితే నష్టం మొదట కంపెనీదే కాబట్టి పట్టా బాగుచేయడానికి చట్టం చెప్పనక్కర్లేదు. ఇరుసు విరిగి, పక్క ఊరి గాలిలో వినైల్ క్లోరైడ్ కలిస్తే ఆ నష్టంలో కంపెనీ భాగం ఎంత, ఊరి భాగం ఎంత? మొదటి రకం ప్రమాదాలను స్వేచ్ఛ తగ్గించిందంటే నమ్ముతాను. రెండో రకాన్ని కూడా తగ్గిస్తుందనడానికి నాకు ఆధారం కనపడలేదు.

పైగా ఆ స్వేచ్ఛ గత పదేళ్ళలో వేరే దారి పట్టింది. షేరు మార్కెటు రైలు కంపెనీలను ఆపరేటింగ్ రేషియో అనే ఒక్క అంకెతో కొలుస్తుంది: నూరు డాలర్ల సంపాదనకు ఎంత ఖర్చయిందని. మన భారతీయ రైల్వేలో అది 98 దాకా ఉంటుంది. అక్కడి పెద్ద కంపెనీలు దాన్ని 60ల్లోకి తెచ్చాయి. తేవడానికి అనుసరించిన పద్ధతికి ప్రెసిషన్ షెడ్యూల్డ్ రైల్‌రోడింగ్ అని పేరు. తక్కువ బండ్లు, ఎక్కువ పొడవు, తక్కువ మనుషులు. రైలు పొడవుకు అమెరికాలో ఫెడరల్ పరిమితి లేదు. ప్రమాదం జరిగే నాటికి ఆరేడేళ్ళలో పెద్ద కంపెనీల సిబ్బంది నాలుగో వంతుకు మించి తగ్గింది. తగ్గినవారిలో మా నాన్న పని చేసేవారూ ఉన్నారు. ఒక్కో వ్యాగన్‌ను చూడడానికి ఇదివరకు దొరికే సమయంలో సగం కూడా ఇప్పుడు ఇవ్వడం లేదని వారి యూనియన్లు ఎప్పటినుంచో అంటున్నాయి. ఈస్ట్ పాలస్తీన్‌కు రెండు నెలల ముందే, 2022 డిసెంబరులో, జీతంతో కూడిన అనారోగ్యపు సెలవు కావాలని సమ్మెకు సిద్ధపడ్డ రైలు కార్మికులను అమెరికా పార్లమెంటు చట్టం చేసి ఆపింది. ఒప్పందాన్ని వారి మీద రుద్దింది, సెలవులను మాత్రం అందులో చేర్చలేదు. బండి ఆగితే దేశానికి రోజుకెంత నష్టమో అప్పుడు అందరూ లెక్కలు చెప్పారు.

బ్రేకుల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రమాదం తర్వాత ఎక్కువ గొడవ దాని మీదే జరిగింది. మామూలు గాలి బ్రేకు ఒక వ్యాగన్ తర్వాత ఒకటిగా పడుతుంది. విద్యుత్ సంకేతంతో అన్ని వ్యాగన్లకూ ఒకేసారి పడే బ్రేకులను కొన్ని రకాల ప్రమాదకర రైళ్ళకు తప్పనిసరి చేస్తూ 2015లో నిబంధన వచ్చింది, లాభనష్టాల లెక్క సరిపోలేదని 2018లో దాన్ని రద్దు చేశారు. ఆ రద్దు వల్లే ఈస్ట్ పాలస్తీన్ జరిగిందని చాలామంది రాశారు. అది తప్పు. ఆ నిబంధన బతికి ఉన్నా 32ఎన్‌కు వర్తించేది కాదు. మండే ద్రవాలు నింపిన ట్యాంకర్లు బండి మొత్తంలో 70 గాని, అంతకు మించి గాని ఉంటేనే దాన్ని అటువంటి రైలు అంటారు. వినైల్ క్లోరైడ్ ఆ లెక్కలో ద్రవం కాదు, వాయువు. ఒక్కో పేరుకు ఒక్కో అంకె పెట్టి, ఆ పేరులోకి రాకుండా బండిని కూర్చగలిగే వీలు ఇస్తే నియమం ఉండీ లేనట్టే. నాకు రద్దు కంటే ఈ నిర్వచనమే ఎక్కువ బాధ కలిగించింది.

ట్యాంకర్లను తగలబెట్టిన నిర్ణయంలోనూ ఇదే జబ్బు మరో రూపంలో కనపడుతుంది. వినైల్ క్లోరైడ్ తనలో తాను గొలుసుకట్టుగా గట్టిపడడం మొదలైతే వేడి పుట్టి ట్యాంకు పేలుతుందన్నది భయం. ఆ రసాయనాన్ని తయారుచేసిన ఆక్సీవినైల్స్ కంపెనీ నిపుణులు అటువంటిదేమీ జరగడం లేదని అభిప్రాయపడ్డారు; ట్యాంకు వేడి తగ్గుతూ వస్తోంది కూడా. ఆ మాట నిర్ణయం తీసుకోవలసిన స్థానిక అగ్నిమాపక అధికారి దాకా చేరలేదు. రైలు కంపెనీ, దాని కాంట్రాక్టర్లు వేరే దారి లేదన్నారు. ఆలోచించుకోవడానికి ఆయనకిచ్చిన వ్యవధి 13 నిమిషాలు. 2024 జూన్ 25న రవాణా భద్రతా మండలి అదే ఊళ్ళో సమావేశమై, తగలబెట్టడం అవసరం లేకపోయిందని తేల్చి చెప్పింది. తగలబెట్టిన రెండు రోజులకు ఊరివాళ్ళను ఇళ్ళకు వెళ్ళవచ్చన్నారు. ఆ వెంటనే రైళ్ళూ నడిచాయి. రసాయనాలు ఇంకిన మట్టి ఆ కొత్త పట్టాల కిందే ఉండిపోయింది. తర్వాత పర్యావరణ సంస్థ పట్టుపడితే పట్టాలు ఎత్తి ఆ మట్టి తవ్వవలసి వచ్చింది.

పదేళ్ళ ముందు కెనడాలో జరిగిన దాన్ని దీని పక్కన పెట్టి చూడకుండా ఉండలేను. 2013 జులై 6 తెల్లవారుజామున, ముడిచమురు నింపిన 72 ట్యాంకర్ల బండి ఒకటి డ్రైవరు లేకుండా ఏటవాలు మీద నుంచి జారి, లాక్ మెగాంటిక్ అనే చిన్న ఊరి నడిబొడ్డున పడి పేలింది. 47 మంది పోయారు. ఆ బండిని నడిపింది ఒక్కడే మనిషి. ఒక్కరితో నడపడానికి ఆ కంపెనీకి ప్రభుత్వం అంతకు ముందు ఏడాదే ఒప్పుకుంది. ఇంజిన్ పొగ కక్కుతోందని ఆ డ్రైవరు కంట్రోలుకు చెప్పాడు. ఉదయం చూద్దాంలే అనుకున్నారు. అతను ఏడు చేతి బ్రేకులు వేసి హోటలుకు వెళ్ళాక ఇంజిన్‌కు నిప్పంటుకుంది, ఆర్పినవాళ్ళు ఇంజిన్ ఆపేశారు, ఇంజిన్ ఆగాక గాలి బ్రేకులు మెల్లగా కారిపోయాయి. ఏడు బ్రేకులు ఆ బండిని పట్టి ఉంచలేకపోయాయి. కోర్టు 2018లో అతన్నీ, మరో ఇద్దరినీ నిర్దోషులన్నది. ఉదయం చూద్దామన్న మాటలోనూ ఒక డిటెన్షన్ పద్దు ఉందని నేను అనుకుంటాను.

ఇండియాలో మనకు ఒక విషయంలో అమెరికా కంటే మెరుగైన ఆలోచన ఉంది. రైళ్ళు నడిపేవారే రైళ్ళ మీద విచారణ చేయకూడదని మనవాళ్ళు స్వాతంత్ర్యానికి ముందే గుర్తించి, తనిఖీ అధికారులను రైల్వే బోర్డు నుంచి విడదీశారు. అందుకే రైల్వే భద్రతా కమిషన్ నేటికీ పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. విని నవ్వేవాళ్ళుంటారు గాని, ఇంత సరైన ఏర్పాటు చాలా దేశాల్లో లేదు. అయితే చట్టం ప్రకారం కమిషనర్ తప్పక విచారించవలసినవి ప్రయాణికుల రైళ్ళకు జరిగిన తీవ్ర ప్రమాదాలే. గూడ్సు బండి ఒంటరిగా పడిపోతే, కమిషనర్ తానుగా పూనుకుంటే తప్ప, విచారణ శాఖ లోపలే జరుగుతుంది. 2024 ఫిబ్రవరి 25న కంకర మోస్తున్న గూడ్సు బండి డ్రైవరు లేకుండా జమ్మూలోని కఠువా నుంచి పంజాబ్ దాకా సుమారు 70 కిలోమీటర్లు దొర్లుకుంటూ పోయింది. ఎదురుగా ఏ బండీ రాకపోవడం వల్ల అది మనకు వీడియోగా మిగిలింది. అదే ఏడాది నవంబరు 12న పెద్దపల్లి జిల్లా రాఘవాపురం దగ్గర గూడ్సు బండికి చెందిన 11 వ్యాగన్లు పట్టాలు తప్పితే, ఢిల్లీ, చెన్నై మార్గంలో పదుల కొద్దీ రైళ్ళు రద్దయ్యాయి, దారి మళ్ళాయి. మన పత్రికల్లో వార్త లైను ఎప్పుడు తెరుచుకుంటుందన్న దానితో మొదలై, తెరుచుకుందన్న దానితో ముగిసింది. ఎందుకు పడింది అన్నది నాకు ఏ పత్రికలోనూ కనపడలేదు.

నేను కోరేది ఏమిటని అడిగితే, 170 బదులు 100 అని చట్టంలో రాయమని అడగను. పరికరాలు మారతాయి, శబ్దంతో పసిగట్టేవి వస్తున్నాయి, ఈనాటి అంకె రేపటికి పాతబడుతుంది. ఈ విషయంలో కంపెనీల వాదన సరైనదే. నేను అడిగేది, ఆ అంకె ఎంతైనా సరే దాన్ని మార్చే ముందు బయటివారొకరు చూసి ఒప్పుకోవాలని, పరికరాల కొలతలన్నీ నియంత్రణ సంస్థకు అందాలని, అన్నిటికంటే ముందు, అనుమానం వచ్చి బండి ఆపినవాడి అనుమానం తప్పని తేలినా వాడికి మెమో రాకూడదని. ఈ చివరిది కష్టమైన కోరికేమీ కాదు. విమానాల్లో పైలట్లు తమ పొరపాట్లను శిక్ష భయం లేకుండా నాసా నడిపే వ్యవస్థకు చెప్పుకునే ఏర్పాటు దశాబ్దాలుగా ఉంది. రైల్వేలకూ అటువంటిది ఉంది గాని, ప్రమాదం నాటికి పెద్ద గూడ్సు కంపెనీలేవీ అందులో లేవు. ఈస్ట్ పాలస్తీన్ తర్వాత అన్నీ వస్తామన్నాయి. క్రమశిక్షణ చర్యల దగ్గర పేచీ వచ్చి ఆగింది, 2024లో నార్ఫోక్ సదరన్, బీఎన్‌ఎస్‌ఎఫ్ అనే మరో పెద్ద కంపెనీ మాత్రం కొన్ని చోట్ల ప్రయోగంగా మొదలుపెట్టాయి.

చట్టం సంగతి ఇంకా నిరాశ. 2023 మార్చిలో ఒహాయో సెనేటర్లు ఇద్దరు, ఒకరు డెమోక్రాట్ షెరడ్ బ్రౌన్, ఒకరు రిపబ్లికన్ జె.డి. వాన్స్, కలిసి రైల్వే భద్రతా బిల్లు తెచ్చారు. వేడి పరికరాలకు నిబంధనలు అందులో ఉన్నాయి. కమిటీ దాటింది, సభలో ఓటింగు దాకా రాలేదు. వాన్స్ మన తెలుగింటి అల్లుడని గర్వపడేవాళ్ళు మా గుళ్ళోనూ ఉన్నారు. ఈ బిల్లు ఆయన పేరు మీద ఉందని వారిలో ఎందరికి తెలుసో. ఊరివాళ్ళకు కంపెనీ 60 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది, ప్రభుత్వంతో 31 కోట్లకు పైచిలుకు రాజీ కుదిరింది. ఇద్దరు మనుషులు లేకుండా గూడ్సు రైలు నడపకూడదని 2024 ఏప్రిల్‌లో రైల్వే పరిపాలనా సంస్థ నిబంధన తెచ్చింది. వేడి పరికరాల గురించి మాత్రం సలహా ఇచ్చి ఊరుకుంది. కంపెనీలే స్వచ్ఛందంగా కొత్త పరికరాలు పెడతామని, అందరం ఒకే అంకె పాటిస్తామని, వేడి పెరిగే తీరును కూడా గమనిస్తామని ప్రకటించాయి.

నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఒహాయో నది పక్కన 65వ నంబరు రోడ్డు మీదుగా కాన్వే యార్డు చూపించడానికి తీసుకువెళ్ళాను. 32ఎన్ ఆ రాత్రి చేరవలసిన యార్డు అదే. కారు పక్కన ఆపి దిగేసరికి ఒక పొడవాటి బండి మెల్లగా లోపలికి వస్తోంది. ఆయన మోకాళ్ళ నొప్పితోనే కొంచెం వంగారు, చక్రాల వైపు చూస్తూ నిలబడ్డారు. చివరి వ్యాగన్ దాటేటప్పుడు అలవాటుగా చెయ్యి పైకెత్తారు. మన దగ్గరైతే వెనక బ్రేకు వ్యానులోంచి గార్డు జెండా ఊపేవాడు. ఇక్కడ చివరి వ్యాగన్‌కు ఎర్రగా మిణుకుమనే డబ్బా ఒకటి తగిలించి ఉంది, మనిషి లేడు. చెయ్యి దించుకుని, కారులో కూర్చున్నాక అడిగారు.

"అందరూ ఒప్పుకున్న ఆ కొత్త అంకె ఎంతన్నావు?"

"170."

"ముందున్నదేగా? సేలంలో వేడి ఎంత?"

"103."

ఆయన ఇంకేమీ అడగలేదు. సీటు బెల్టు పెట్టుకోవడం ఆయనకు ఎప్పుడూ కుదరదు, నేను వంగి పెట్టాను.